ముప్పై స్కెళ్ళలో తలుపు మూసుకుపోతుంది: కల్పిత కొలతల డబ్బింగ్ మీద ఒక కేస్ స్టడీ

నేను తెలుగు డబ్బింగ్ రాసిన ఒక అంతరిక్ష సీరియల్ తొమ్మిదో ఎపిసోడ్‌లో ఓడ కింది అంతస్తుకి నిప్పంటుకుంటుంది. పైలట్ పరుగెడుతూ వెనకవాళ్ళని కేకేస్తుంది, ముప్పై స్కెల్స్‌లో తలుపు మూసుకుపోతుందని. నేను రాసిచ్చిన తెలుగు లైను: "ముప్పై సెకన్లలో తలుపు మూసుకుపోతుంది, పదండి!" నిడివికి సరిపోయింది, పెదాలకి సరిపోయింది, ఆర్టిస్టు ఒక్క టేక్‌లో చెప్పేసింది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

పద్నాలుగో ఎపిసోడ్ స్క్రిప్టు చేతికొచ్చాక తల పట్టుకున్నాను. భూమి నుంచి వచ్చిన మనిషి తన మణికట్టు మీద వేలు పెట్టుకుని, నాడి లెక్కపెడుతూ పైలట్‌ని అడుగుతాడు: "మొదటి రోజు నుంచీ స్కెల్ స్కెల్ అంటూనే ఉన్నావు, అసలది ఎంతసేపు?" మూడు నిమిషాల సీను మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. నా తెలుగులో మాత్రం అప్పటిదాకా స్కెల్ అన్న మాటే లేదు. పదమూడు ఎపిసోడ్లలో దాన్ని నేనే మింగేశాను.

ఆ తప్పు ఎలా దిద్దుకున్నామో, ఎక్కడ దిద్దుకోలేకపోయామో ఇక్కడ రాస్తున్నాను. ఒప్పందం ఉంది కాబట్టి సీరియల్ పేరు చెప్పను. అందులోని కల్పిత పదాల్ని కూడా మార్చాను. అయితే ప్రతి పదానికీ చివర పలికే ధ్వనిని అలాగే ఉంచాను, ఎందుకంటే కేసంతా ఆ చివరి ధ్వని దగ్గరే తిరుగుతుంది. మొత్తం 24 ఎపిసోడ్లు. తెలుగు డబ్బింగ్, తెలుగు సబ్‌టైటిల్స్ రెండూ మా పనే. కల్పిత కొలతలు ఐదు: స్కెల్ అంటే చిన్న కాలం, డ్రావ్ అంటే పెద్ద కాలం, ఓరెట్ అంటే ఏడాది లాంటిది, థెరన్ అంటే దూరం, జిబ్ అంటే ద్రవం కొలత. వీటికి తోడు ఒక తిట్టు.

మొదట ఎందుకు మింగేశానో కూడా చెప్పాలి. మా పనిలో అడుగులు వస్తే మీటర్లు, పౌండ్లు వస్తే కిలోలు, ఫారెన్‌హీట్ వస్తే సెల్సియస్ చేసేయడం అలవాటు. చూసేవాళ్ళు లెక్కలు కట్టుకుంటూ కూర్చోకూడదు కదా. అదే చేత్తో స్కెల్‌ని సెకను చేసేశాను. అడుగుని మీటరు చేస్తే పోయేదేమీ లేదు. స్కెల్‌ని సెకను చేస్తే మాట్లాడుతున్నది ఎవరో పోతుంది. అది తెలియడానికి నాకు పదమూడు ఎపిసోడ్లు పట్టింది.

వెనక్కి వెళ్ళి చూసింది

పని ఆపించి, రెండు రోజులు గడువడిగి, ఇంతకుముందు టీవీలో ఈ పని ఎవరెలా చేశారో చూసుకుంటూ కూర్చున్నాను. అసలు ఎందుకు కనిపెడతారు? సెకను, కిలోమీటరు ఉండగా కొత్తవి దేనికి?

ఒక కారణం, నిజమైన కొలతలు పాతబడతాయి. స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్‌లో 1989లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో డేటా అనే ఆండ్రాయిడ్ (మనిషి రూపంలో ఉండే రోబో) మీద విచారణ జరుగుతుంది. అతని మెదడు సామర్థ్యం ఎంతో అక్కడ చెబుతారు: 800 క్వాడ్రిలియన్ బిట్ల నిల్వ, సెకనుకి 60 ట్రిలియన్ లెక్కలు. బిట్లని బైట్లలోకి మారిస్తే వంద పెటాబైట్లు. అది ఇప్పటికీ పెద్ద సంఖ్యే. కానీ సెకనుకి 60 ట్రిలియన్ లెక్కలంటే, ఇప్పుడు ఆటలు ఆడుకోవడానికి కొనే గ్రాఫిక్స్ కార్డు చేసేస్తోంది. ఇరవై నాలుగో శతాబ్దపు అద్భుతం ముప్పై ఐదేళ్ళు తిరక్కుండానే టేబుల్ కిందికి చేరింది. అదే సీరియల్ బృందం మిగతా చోట్ల జాగ్రత్తపడి కంప్యూటర్ల నిల్వకి క్వాడ్ అనే కొలతని కల్పించింది. కిలోక్వాడ్, గిగాక్వాడ్ అంటారు. ఒక క్వాడ్ అంటే ఎన్ని బైట్లో ఎక్కడా చెప్పలేదు. తమ కాలపు లెక్కల్లోకి దాన్ని దించకుండా ఉండటానికే అలా వదిలేశామని ఆ సీరియల్‌కి పని చేసినవాళ్ళే తమ విజ్ఞాన సర్వస్వంలో రాసుకున్నారు. అర్థం లేకపోవడమే ఆ కొలత ఉద్యోగం అన్నమాట.

రెండో కారణం, ఇక్కడి వాళ్ళు కాదని చెప్పడం. 1978 నాటి బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాలో మనుషులే ఉంటారు గానీ వాళ్ళు భూమి వాళ్ళు కాదు. అందుకని సెకను చోట మైక్రాన్, నిమిషం చోట సెంటాన్, గంట చోట సెంటార్, ఏడాది చోట యారెన్ పెట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ మైక్రాన్ అనేది మీటరులో పది లక్షల వంతుకి ఉన్న పేరు. 1967లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సభ ఆ పేరుని అధికారికంగా తీసేసినా ప్రయోగశాలల్లో జనం వాడుతూనే ఉన్నారు. తెలిసినవాడి చెవికి "ఐదు మైక్రాన్లలో వస్తా" అంటే "ఐదు మిల్లీమీటర్లలో వస్తా" అన్నట్టుంటుంది. దానికి తోడు సెంటాన్, సెంటార్ రెండూ ఒకేలా మోగుతాయి. ఏది ఎంతో ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ కదిలిపోయేది.

అదే కథని 2003లో మళ్ళీ తీసినప్పుడు ఈ కొలతలన్నిటినీ పక్కనపెట్టి గంటలు, నిమిషాలే వాడారు. నా పనికి ఎక్కువగా పనికొచ్చిన సంగతి ఇదే. ఆ సీరియల్ మొదటి ఎపిసోడ్ పేరే 33. శత్రువు ప్రతి 33 నిమిషాలకీ వచ్చిపడతాడు, ఓడలోవాళ్ళకి రోజుల తరబడి నిద్ర ఉండదు. 33 నిమిషాలంటే కునుకు పట్టేలోపు లేపేస్తారని మన ఒంటికి తెలుసు. దాన్ని 33 సెంటాన్లు అని ఉంటే ఆ అలసట మనదాకా వచ్చేది కాదు. కొలతలన్నీ తీసేసినా ఒక్క తిట్టుని మాత్రం ఉంచుకున్నారు, ఫ్రాక్. అది అర్థం కావడానికి విలువ అక్కర్లేదు, గొంతు చాలు.

మా సీరియల్‌కి దగ్గరి చుట్టం ఫార్‌స్కేప్. 1999 నుంచి 2003 దాకా వచ్చింది. అందులో మైక్రాట్ దాదాపు సెకను, ఆర్న్ దాదాపు గంట, సైకిల్ దాదాపు ఏడాది, మెట్రా దూరం. భూమి నుంచి కొట్టుకుపోయిన హీరోకి అనువాద సూక్ష్మజీవుల్ని ఎక్కిస్తారు, దాంతో అందరి భాషలూ అర్థమైపోతాయి. అన్నిటినీ అనువదించే ఆ జీవులు మైక్రాట్‌ని మాత్రం ఎందుకు అనువదించవు? నిలదీస్తే తర్కం నిలబడదు. కానీ చూస్తున్నప్పుడు ఎవరూ నిలదీయరు. ఎందుకంటే కొన్ని ఎపిసోడ్లు గడిచేసరికి హీరో కూడా మైక్రాట్ అనడం మొదలుపెడతాడు. అతను ఆ లోకంలో ఎంత లోపలికి వెళ్ళాడో ఆ మాట చెబుతుంది.

మా సీరియల్‌లోనూ సరిగ్గా అదే ఉంది. భూమి మనిషి మొదటి సగంలో సెకను, గంట అంటాడు. పదిహేడో ఎపిసోడ్ నుంచి డ్రావ్ అంటాడు. మొదటిసారి అతని నోట ఆ మాట వచ్చినప్పుడు పైలట్ తల తిప్పి చూస్తుంది, ఏమీ అనదు. అన్నిటినీ సెకన్లు, గంటలు చేసేసిన నా స్క్రిప్టులో ఆ చూపుకి కారణమే లేకుండా పోయింది.

స్టాప్‌వాచ్ పట్టుకుని

సరే, స్కెల్‌ని వెనక్కి తేవాలి. తేవడానికి ముందు అదెంతో తెలియాలి. క్లయింట్ దగ్గర పదాల పట్టిక ఉందా అని అడిగితే ఒక పేజీ వచ్చింది. స్కెల్ ఎదురుగా "చిన్న సమయం" అని, డ్రావ్ ఎదురుగా "పెద్ద సమయం" అని ఉంది. బాగుంది.

టైమ్‌కోడ్ పెట్టుకుని నేనే కొలిచాను. "ముప్పై స్కెల్స్" అన్న మాట దగ్గర నుంచి తలుపు మూసుకునేదాకా తెర మీద 34 సెకన్లు. ఇంకోచోట పది స్కెల్స్ 9 సెకన్లలో అయిపోయాయి. వంద స్కెల్స్ మాత్రం రెండున్నర నిమిషాలకి పైగా సాగాయి, మధ్యలో వేరే గదిలో ఇద్దరు కౌగిలించుకున్నారు కాబట్టి. టీవీలో నిజం సెకన్లతో లెక్కపెట్టే బాంబు కూడా ఇలాగే సాగుతుంది, దాన్ని తప్పు అనలేం. స్కెల్ అంటే ఉజ్జాయింపుగా సెకను, ఖాయం.

డ్రావ్ దగ్గర మాత్రం రచయితలే చేతులెత్తేశారు. మూడో ఎపిసోడ్‌లో రెండు డ్రావ్‌లంటే భోజనం చేసి వచ్చేంత సేపు. పదకొండులో రెండు డ్రావ్‌లంటే గాయపడ్డవాడు చీకటి పడి తెల్లారేదాకా ఓర్చుకోవాల్సిన కాలం. ఇవి ఒకే మాట అని నమ్మించడం నా వల్ల అయ్యే పని కాదు. దీని సంగతి తర్వాత చెబుతాను.

గడియ మీద మోజు

సెకనుకి మార్చకూడదు, స్కెల్ అని అలాగే వదిలేస్తే తెలుగు వాక్యంలో రాయిలా అడ్డంపడుతుంది. మధ్యే మార్గంగా నాకొక అద్భుతమైన ఆలోచన వచ్చింది. మనకి పాత కొలతలు బోలెడు ఉన్నాయిగా! రోజుకి 60 గడియలు, గడియంటే 24 నిమిషాలు. అందులో అరవయ్యో వంతు విఘడియ, 24 సెకన్లు. మూడు గంటలకో జాము. ఇవాళ వాడుకలో లేవు కాబట్టి వింతగా ఉంటాయి, మన మాటలే కాబట్టి నోట్లో ఇమిడిపోతాయి. రాత్రంతా కూర్చుని రెండు ఎపిసోడ్లు అలా తిరగరాశాను.

పొద్దున డబ్బింగ్ డైరెక్టర్ చదివి, కాగితం మడిచి, "ఈవిడ అంతరిక్షంలో ఉందా, ఆస్థానంలో ఉందా?" అన్నారు. నిజమే. "ఒక గడియలో శత్రు నౌకలు చేరుకుంటాయి" అనగానే పైలట్‌కి కిరీటం వచ్చేసింది. గడియ అనే మాట వింతది కాదు, పాతది. పాతదనం కూడా ఒక చోటుకి చెందినదే. వినేవాడిని అది ముందుకి తీసుకెళ్ళదు, వెనక్కి లాక్కుపోతుంది. పైగా గడియకి ఖాయమైన విలువ ఉంది. ఉన్న పేరుకి కొత్త విలువ కడితే ఏమవుతుందో ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం ఒకసారి చేసి చూపించింది. 1793లో రోజుకి పది గంటలు, గంటకి వంద నిమిషాలు అని చట్టం చేశారు. పేర్లు పాతవే, గంట మాత్రం మన లెక్కలో రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలైంది. 1795లో ఆపేశారు.

ఆ రాత్రి పని పూర్తిగా వృథా పోలేదు. కాలం మాటల్ని తవ్వుతుంటే ఒకటి కళ్ళబడింది. నిమిషం అనేది నిమేషం నుంచి వచ్చింది, రెప్పపాటు అని. అది ఇప్పుడు అరవై సెకన్లు. గంట అంటే మోగే గంటే. మనం చెప్పే కాలం మాటల్లో ఇలా శరీరం నుంచో వస్తువు నుంచో వచ్చినవి ఉన్నాయి. ఇది పద్నాలుగో ఎపిసోడ్‌లో నన్ను కాపాడింది. ఇంగ్లీషు సీనులో భూమి మనిషి "ఒక సెకండ్ అంత" అంటే పైలట్ "సెకండా? మరి ఫస్ట్ ఏది?" అంటుంది. ఇంగ్లీషులో ఆ మాటకి రెండోది అని కూడా అర్థం కాబట్టి అది చెల్లింది. (గంటని రెండోసారి భాగించగా వచ్చిన ముక్క అనే అర్థంలోనే ఆ పేరు పుట్టింది, కాబట్టి పైలట్ అడిగింది అంత తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు.) తెలుగులో అది పనిచేయదు. నేనిలా రాశాను:

"మా లెక్కలో సెకను. గంటలో మూడువేల ఆరువందల వంతు."

"గంటలోనా? మోగే గంటలోనా?"

"...ఆ. అదే గంట."

ఇంగ్లీషు కన్నా మాదే బాగుందని ఇప్పటికీ నా నమ్మకం.

ళ్ళు

అసలు పరిష్కారం నాది కాదు, పైలట్‌కి గొంతిచ్చిన ఆర్టిస్టుది.

స్కెల్‌ని స్కెల్‌గానే ఉంచి తిరగరాసిన తొమ్మిదో ఎపిసోడ్ రికార్డింగ్. నేను రాసింది "ముప్పై స్కెల్‌లలో". ఆమె రెండుసార్లు చెప్పి ఆగిపోయింది. నాలుక మడతపడుతోంది, ల్ పక్కన ల. "సార్, స్కెల్స్‌లో అనమంటారా?" అని అడిగింది. అంటే ఇంగ్లీషు బహువచనం మీద తెలుగు విభక్తి. బస్సెస్‌లో అన్నట్టుంటుంది. డైరెక్టర్ విసుగ్గా "నీ నోటికి ఎలా వస్తే అలా అనమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. లూప్, అంటే ఆ సీను ముక్క, మళ్ళీ తెర మీద తిరిగింది. మంటలు, పరుగు, ఆమె అరిచింది: "ముప్పై స్కెళ్ళలో తలుపు మూసుకుపోతుంది!"

గదిలో ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఎంత అని అడగలేదు. సౌండ్ ఇంజనీర్ "ఓకే, నెక్స్ట్" అన్నాడు.

ఎందుకు కుదిరిందో ఆ తర్వాత కూర్చుని విప్పుకున్నాను. తెలుగు మాట మామూలుగా అచ్చుతో ముగుస్తుంది. బయటి నుంచి వచ్చే మాట చివర హల్లుంటే మనం ఉకారం తగిలిస్తాం. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లుని ఒత్తుతాం: బస్సు, పెన్ను, బెల్లు. పొడుగుదైతే ఒత్తం: కారు, బోటు, రైలు. ఆ లెక్కన స్కెల్ ఏకవచనంలో స్కెల్లు. బహువచనం? బెల్లులు, బిల్లులు అన్నట్టు స్కెల్లులు అనొచ్చు. కానీ అది ఇంకా గుమ్మంలో నిలబడ్డ చుట్టంలాగే ఉంటుంది. ముల్లు ముళ్ళు, ఇల్లు ఇళ్ళు అయినట్టు స్కెళ్ళు అన్నామంటే అది ఇంట్లో మనిషైపోయింది. ఈ మర్యాద మనం అందరికీ ఇవ్వం. ఇంగ్లీషు నుంచి వచ్చిన మైలుకి ఇచ్చాం, మైళ్ళు. రైలుకి ఇచ్చాం, రైళ్ళు. తరతరాలుగా నలిగిన మాటలకే అది దక్కింది. అందుకే స్కెళ్ళు అనగానే ఈ పైలట్ పుట్టినప్పటి నుంచీ ఆ మాట వాడుతోందని చెవి నమ్మేసింది. విలువ సంగతి ఆ తర్వాత మంటలు, పరుగు చూసుకున్నాయి.

ఇలాంటిది వేరే భాషలో జరిగిందా అని వెతికితే నిజ జీవితంలోనే దొరికింది. అంగారకుడి మీద ఒక రోజుని సోల్ అంటారు, 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. అక్కడి రోవర్లని నడిపే నాసా బృందాలు ఆ కాలమానం ప్రకారం పనిచేస్తూ, ఇంగ్లీషులో నిన్న అనే మాటలోని రోజుని తీసేసి అక్కడ సోల్ పెట్టి, యెస్టర్‌సోల్ అనడం మొదలుపెట్టాయి. నివేదికలో సోల్ అని రాసుకోవడం వేరు, మాట మధ్యలో యెస్టర్‌సోల్ అని దొర్లడం వేరు. భాష లోపలి అతుకుల్లో దూరిన తర్వాతే కొలతకి ప్రాణం వస్తుంది.

దీంతో మిగతా నాలుగింటికీ దారి దొరికింది. ఎంత అనేది పక్కనపెట్టి, ఏ తెలుగు మాటలా నడుస్తుందో చూడటం మొదలుపెట్టాను. థెరన్ సులువు: సెకను సెకన్లు అయినట్టు థెరను, థెరన్లు. డ్రావ్ కూడా అంతే: డ్రావు, డ్రావులు.

జిబ్ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. సీరియల్‌లో ఒక జాతికి గొంతు కింద సంచి ఉంటుంది. ఆ సంచి నిండా పట్టే ద్రవం ఒక జిబ్. క్లయింట్ పట్టికలో మళ్ళీ "ద్రవం కొలత" అనే ఉంది. కానీ మన భాషలో దీనికి తయారుగా ఒక మూస ఉంది. జాన జానెడు, మూర మూరెడు, బార బారెడు, చెంబు చెంబెడు, గంప గంపెడు. ఎడు తగిలిస్తే చాలు, ఒళ్ళో పాత్రో కొలతైపోతుంది, ఇంకేం వివరించక్కర్లేదు. "జిబ్బెడు నీళ్ళియ్యి, చాలు" అని ఆ జాతి ముసలాయన అంటుంటే, గొంతు సంచి మీద చెయ్యి పెట్టుకుని ఉంటాడు తెర మీద. ఇంగ్లీషులో ఆ సైగ లేకపోతే అర్థం కాదు. తెలుగులో సైగ లేకపోయినా తెలుస్తుంది. ఒక చిక్కుంది, ఎడు ఒక్కటికే. రెండైతే "రెండు చెంబుల నీళ్ళు" అన్నట్టు "రెండు జిబ్బుల నీళ్ళు" అనాలి. రెండు జిబ్బెడ్లు అని ఒక సబ్‌టైటిల్‌లో పడిపోయింది, చివరి పరిశీలనలో పట్టుకున్నాం.

ఓరెట్ మా అందరినీ ఏమార్చింది. కాగితం మీద దివ్యంగా ఉంది: టికెట్టు, బకెట్టు లాగా ఓరెట్టు, ఓరెట్లు. ఎక్సెల్ షీటులో పెట్టాను, అందరూ సరేనన్నారు. రికార్డింగ్ గదిలో మైకు ముందు ముసలాయన పాత్రధారి గంభీరంగా అన్నాడు: "నాకు తొంభై ఓరెట్లు." స్పీకర్లలో మాకు వినిపించింది, "నాకు తొంభయ్యో రెట్లు." తొంభై రెట్లు దేనికి? అని డైరెక్టర్ అటు తిరిగి అడిగారు. కళ్ళతో చదివినప్పుడు ఈ ప్రమాదం ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే కాగితం మీద మాటల మధ్య ఖాళీ ఉంటుంది, నోట్లో ఉండదు. తెలుగులో అచ్చు పక్కన అచ్చు పడితే కలిసిపోతాయి. అచ్చుతో మొదలయ్యే కల్పిత పదం అంకెల పక్కన నిలబడలేదు. క్లయింట్‌కి రాసి, ముందొక హల్లు చేర్చుకోవడానికి అనుమతి తీసుకున్నాం: వోరెట్టు. అప్పుడు బహువచనం వోరెట్టులు అని విడిగా పలకమన్నాం. రెట్ల బెడద అలా వదిలింది. పెదాల కదలికలో పెద్ద తేడా రాలేదు, ముసలాయనకి గడ్డం ఉంది.

తిట్టు గురించి రెండు ముక్కలు. గ్రస్క్ అనే మాట నామవాచకంగా, క్రియగా, విశేషణంగా వస్తుంది ఇంగ్లీషులో. తెలుగు తిట్లు అలా పనిచేయవు, మనకి మొహం, బతుకు, పుటక లాంటి ఆసరా కావాలి. "గ్రస్కు మొహమా" అన్నది ఒక్కసారికే నిలబడిపోయింది. క్రియగా వచ్చిన చోటల్లా మామూలు తెలుగులో విసుక్కున్నాం.

డ్రావు సంగతి

వాయిదా వేసింది ఇది. ఒకే మాట ఒకచోట గంట, ఇంకోచోట రాత్రి. ఇలాంటి గందరగోళంలో పడ్డది మా సీరియల్ ఒక్కటే కాదని తెలుసుకోవడం కాస్త ఊరట. స్టార్ ట్రెక్ మొదటి సీరియల్‌లో ఓడ వేగాన్ని చెప్పే వార్ప్ సంఖ్యని ఘనం చేస్తే కాంతి వేగానికి ఎన్ని రెట్లో వచ్చేది, అంటే వార్ప్ 2 ఎనిమిది రెట్లు. 1987లో మొదలైన తర్వాతి సీరియల్‌లో లెక్క మార్చి, వార్ప్ 10 అంటే అనంత వేగం, దాన్ని ఎవరూ చేరలేరు అన్నారు. అదే సీరియల్ 1994 నాటి ముగింపులో, కథ భవిష్యత్తులోకి వెళ్ళినప్పుడు వార్ప్ 13 అని ఆజ్ఞ వినిపిస్తుంది. పేరు ఒకటే, సంఖ్యలు పెరుగుతూ పోయాయి, కింద కొలబద్ద మారిపోయింది. అలాగే మొదటి సీరియల్ రచయితలకిచ్చిన మార్గదర్శిలో స్టార్‌డేట్‌కి, అంటే కథలో వాళ్ళు చెప్పే తేదీకి, ఏవో నాలుగు అంకెలు వేసి, ఒక దశాంశం పెట్టుకోమన్నారు. అది ఏ తేదీ అన్నది ఎవరికీ పట్టలేదు. ఓడ కెప్టెన్ డైరీ రాస్తున్నాడని తెలిస్తే చాలు.

ఇక్కడ నేను నేర్చుకున్నది, కొలత బరువు మోసేది పేరు కాదు, దాని పక్కనున్న అంకె, వెనకున్న క్రియ. కాబట్టి డ్రావు విలువని సరిచేయడం మానేసి, గొడవ వచ్చే చోట అంకెల్ని సడలించాం. మూడో ఎపిసోడ్‌లో "రెండు డ్రావుల్లో వచ్చేస్తా" అన్నది "డ్రావు తిరిగేలోపు వచ్చేస్తా" అయింది. తిరగడం అనే క్రియ ఉంటే గడియారం ముల్లు గుర్తొచ్చి, పని తేలికగా సాగింది. పదకొండులో "ఇంకా రెండు డ్రావులు గడవాలి" అని ఉంచేశాం. గడవాలి అనే మాటలోనే నిట్టూర్పు ఉంది. రాత్రి పొడుగు అక్కడి నుంచి వచ్చింది. రెండు చోట్లా అబద్ధం చెప్పలేదు.

క్లయింట్ తరఫున చూసినవాళ్ళకి ఇది నచ్చలేదు. అంకె ఎందుకు పోయిందని రెండుసార్లు రాశారు. నేను రెండు సీన్లనీ పక్కపక్కన పెట్టి పంపాను. మూడో ఉత్తరం రాలేదు.

మిగిలిపోయినవి

పదిహేడో ఎపిసోడ్‌లో భూమి మనిషి మొదటిసారి డ్రావు అన్నప్పుడు పైలట్ తల తిప్పి చూస్తుందన్నాను కదా. ఆ లైనుని ఆరుసార్లు రాశాను. చివరికి అతని నోట "రెండు డ్రావులు" కాదు, "రెండు డ్రావ్‌లు" పెట్టాం. ఉకారం లేకుండా, కొత్తగా నేర్చుకున్నవాడి యాసలో. ఇరవయ్యో ఎపిసోడ్‌కి అతను కూడా డ్రావులు అంటాడు. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. చూసినవాళ్ళలో ఎందరికి అందిందో చెప్పలేను, ఆర్టిస్టుకి మాత్రం అందింది. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు మార్చుకున్నాడు.

సరిదిద్దలేనిది ఒకటుంది. ఇరవై రెండో ఎపిసోడ్‌లో గోడ మీద గ్రహాంతర లిపిలో వెనక్కి తిరిగే అంకెలు కనిపిస్తాయి. అవి స్కెల్లుకి ఒకటి చొప్పున తగ్గాలి. తెర మీద దాదాపు రెండు సెకన్లకి ఒకటి తగ్గుతున్నాయి. బొమ్మని మేము ముట్టుకోలేం. పైలట్ "పది స్కెళ్ళు!" అని అరుస్తుంటే గోడ మీద అంకె బద్ధకంగా కదులుతుంది. డబ్బింగ్‌లో మంట శబ్దం కాస్త పెంచాం. సబ్‌టైటిల్‌లో ఏమీ చేయలేకపోయాం.

మొదటి పదమూడు ఎపిసోడ్లూ తిరిగి రికార్డ్ చేయడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఖర్చు నా పారితోషికంలోంచి కొంత పోయింది, న్యాయమే.

రెండో సీజన్‌కి పని మొదలైంది. ఈసారి పదాల పట్టికతో పాటు, ప్రతి మాటనీ సొంత రచయితలు ఎలా పలుకుతారో ఆడియో కూడా పంపమని ముందే అడిగాను. స్పెల్లింగ్ నాకక్కర్లేదు, చివరి ధ్వని కావాలి. నిన్న మూడు వచ్చాయి. రెండు ల్‌తో ముగుస్తున్నాయి.